నాలుగో నెలలో మైగ్రేన్: మాత్ర మింగాలా, ఓర్చుకోవాలా?

సీమ_మల్లె, అనంతపురం

అక్కలూ, చెల్లెళ్లూ, కొంచెం ఓపిగ్గా చదవండి, పెద్ద పోస్టే ఇది. నాకు ఇప్పుడు 14 వారాలు, మొదటి కాన్పు. ఇంటర్ చదివేటప్పటి నుంచి ఒకపక్క తలనొప్పి ఉంది, మైగ్రేన్ అని డాక్టరే చెప్పినారు. ముందు చూపులో ఎడమపక్క రంపం పళ్లలాగా వెలుగు గీతలు ఆడతాయి, ఇరవై నిమిషాలకు అవి పోతాయి, ఆ తర్వాత కంటి వెనకాల సుత్తితో కొట్టినట్టు మొదలవుతుంది, దాని వెనకే వాంతులు. రాకుండా ఉండడానికి రోజూ ఒక మాత్ర, వచ్చినప్పుడు ఇంకో మాత్ర ఉండేవి. టెస్టులో రెండు గీతలు కనపడిన రోజే రెండూ మానేసినాను, ఎవర్నీ అడగలేదు. కడుపుతో ఉంటే ఈ నొప్పి తగ్గిపోతుందని ఎవరో అంటే నమ్మినాను, తగ్గడం దేవుడెరుగు, వారానికి రెండుసార్లు వస్తోంది.

మొన్న గురువారం సంగతి చెప్తాను. మధ్యాహ్నం కరెంటు పోయింది, ఎండ సంగతి మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. అత్తమ్మ పప్పుకు తిరగవాత పెట్టినారు, ఆ ఇంగువ వాసన తగిలిందో లేదో నేను బాత్రూమ్‌లోకి పరుగు. గచ్చు చల్లగా ఉంటే దానికే చెంప ఆనించి రెండు గంటలు అట్లే పడుకున్నాను, కుళాయి నుంచి బకెట్‌లోకి పడే చుక్క చుక్కా తలలో మోగింది. మాత్ర మాత్రం మింగలేదు.

ఇంట్లో తలా ఒక మాట. మా ఆయన డోలో వేసుకోమంటాడు. అత్తమ్మ కడుపుతో ఉన్నప్పుడు మాత్రలేంది, బిడ్డకు తగులుతుంది, ఓర్చుకో అంటారు. మా అమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది, చర్మం మండింది తప్ప ఏమీ కాలేదు. నా పాత మాత్రలు ఒక షీటు బీరువాలో ఇంకా ఉంది, నిజం చెప్తున్నా, గురువారం దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసినాను. ఏది వేసుకోవచ్చు, ఏది వద్దు? ఈ నొప్పి వల్ల బిడ్డకేమైనా అవుతుందా? తొమ్మిది నెలలూ ఇట్లే ఉంటుందా? నా డాక్టరమ్మ అపాయింట్‌మెంట్‌కు ఇంకా పన్నెండు రోజులుంది.

కాన్పుల_వార్డు, కర్నూలు

మల్లెమ్మా, ఆ షీటు మళ్లీ బీరువాలో పెట్టి మంచి పని చేసినావు. నేను డాక్టర్ను కాను, పదకొండేళ్లుగా ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సును. ముందు ఆ షీటు వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదువు. ఎర్గోటమిన్ అని ఉంటే అది ఈ తొమ్మిది నెలలూ ముట్టుకోకూడదు. అది రక్తనాళాలను బిగిస్తుంది, గర్భసంచినీ బిగిస్తుంది, బిడ్డకు పోయే రక్తం తగ్గుతుంది. మన దగ్గర మెడికల్ షాపులో ఒకపక్క తలనొప్పి అంటే చీటీ లేకుండానే ఆ రకం మాత్రలు చేతిలో పెడతారు, కడుపుతో ఉన్నావా అని అడిగేవాళ్లు తక్కువ, నువ్వే చెప్పాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కూడా నీ అంతట నువ్వు వేసుకోవద్దు, అందులోనూ 20 వారాలు దాటినాక అసలు వద్దు, ఉమ్మనీరు తగ్గిపోవచ్చు, చివరి నెలల్లో అయితే బిడ్డ గుండె దగ్గరి ఒక రక్తనాళం ముందుగానే మూసుకుపోయే ప్రమాదం ఉంది. చదివేవాళ్లలో ఎవరికైనా బీపీ రాకుండా డాక్టర్ చిన్న డోసు ఆస్పిరిన్ రాసి ఉంటే అది వేరే సంగతి, నా మాట విని అది మానేయొద్దండీ.

పారాసెటమాల్ వేసుకోవచ్చు. గర్భిణికి నొప్పికైనా జ్వరానికైనా డాక్టర్లు మొదట రాసేది అదే. మీ ఆయన చెప్పింది తప్పేమీ కాదు, డోలో అంటే అదే మందు. పన్నెండు రోజులు ఆగడం ఎందుకు, మీ డాక్టరమ్మ క్లినిక్‌కు ఫోన్ చేసి ఎంత డోసో కనుక్కో. డోసుకూ డోసుకూ మధ్య ఆరు గంటలు ఉంచు. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, తెలియకుండా రెండూ కలిపి మింగేస్తారు, చూసుకో. ఇంకొకటి, మనవాళ్లంతా చేసే తప్పు ఏందంటే ఓర్చుకుని ఓర్చుకుని, ఇంక తల బద్దలైపోతోంది అన్నప్పుడు మింగుతారు, అప్పటికి కడుపులో ఏదీ నిలవదు, మాత్ర కాస్తా వాంతిలో పోతుంది, మాత్ర పని చేయలేదంటారు. నీకు గీతలు కనపడి నొప్పి మొదలవుతోంది అనగానే వేసుకుని చీకట్లో పడుకో. అట్లని రోజూ వేసుకునే అలవాటు కూడా మంచిది కాదు, నెలలో సగం రోజులు మాత్ర మింగితే ఆ మాత్ర వల్లే ఇంకో తలనొప్పి మొదలవుతుంది. వారానికి రెండుసార్లు మించి కావాల్సి వస్తే డాక్టరమ్మకు చెప్పు. వాంతులకు గర్భిణులకు సరిపడే మందులున్నాయి, పారాసెటమాల్‌తో లొంగకపోతే సుమాట్రిప్టాన్ లాంటివి కూడా చూసి రాస్తారు, అవి ఆమె రాయాల్సినవే.

రోజూ వేసుకున్న మాత్ర పేరేంది? ఇది ముఖ్యం. వాల్‌ప్రోయేట్ గానీ టోపిరమేట్ గానీ అయితే ఈరోజే ఫోన్ చెయ్, మొదటి నెలల్లో అవి బిడ్డకు హాని చేయొచ్చు, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌లో దాన్ని దృష్టిలో పెట్టుకుని చూడాలి. వేరేదైతే అంత కంగారు ఉండకపోవచ్చు, కానీ పేరు చెప్పాల్సిందే.

మైగ్రేన్ నొప్పి వల్ల బిడ్డకు నేరుగా ఏమీ కాదు. చాలామందికి నాలుగో నెల దాటినాక తగ్గుముఖం పడుతుంది, ఈస్ట్రోజన్ ఎగుడుదిగుడులు లేకుండా నిలకడగా ఉంటుంది కాబట్టి. నీకు గీతలు కనపడే రకం కదా, ఈ రకానికి అంత బాగా తగ్గదు, అది ముందే చెప్పి పెడుతున్నా. ఆ గీతలు గంట దాటినా పోకపోయినా, చెయ్యి కాలు బలం తగ్గినా, మాట తడబడినా మైగ్రేనేలే అని పడుకోవద్దు, నేరుగా ఆస్పత్రికి.

తెల్లవారకముందే

మా ఊరి పక్కన ఒక తాత ఉన్నాడు అక్కా, సూర్యుడు పుట్టకముందే పోతే ముక్కులో నాలుగు చుక్కలు ఆకు పసరు పోస్తాడు, మూడు ఆదివారాలు పోతే చాలు. మా మేనత్తకు ఇరవై ఏళ్ల నొప్పి పోయింది. డబ్బులు కూడా తీసుకోడు.

కాన్పుల_వార్డు, కర్నూలు

తమ్ముడూ, మీ మేనత్తకు పోయిందంటే సంతోషం. ఆమె అప్పుడు కడుపుతో లేదు కదా. ఏ ఆకో తెలియదు, ఎంత పోస్తాడో తెలియదు, ముక్కులోంచి పోయేది నేరుగా ఒంట్లోకే పోతుంది. మల్లెమ్మా, వద్దు.

బిడ్డ_బంగారం, కడప

నేను రాయకూడదు అనుకున్నాను, చదివి భయపడతావేమో అని. కానీ ఇది నీకు ముందే తెలిసి ఉండాలి చెల్లీ.

నాకూ పెళ్లికి ముందు నుంచీ మైగ్రేన్. ఐదో నెల నుంచి నీళ్లతో కడిగినట్టు పోయింది, హాయిగా ఉన్నాను. ఎనిమిదో నెలలో శ్రీమంతం పెట్టుకున్నాం. గాజులు తొడిగేటప్పుడు ఎప్పుడూ రెండు నాలుగు సైజు పట్టే చేతికి రెండు ఎనిమిది కూడా ఎక్కలేదు. సబ్బు రాసినారు, నూనె రాసినారు, గాజు విరిగి ముంజేతికి గీసుకుంది. అందరూ నవ్వినారు, పుట్టింటి తిండి ఒంటికి పట్టింది అని. నేనూ నవ్వినాను. అప్పటికే రెండు రోజుల నుంచి తలనొప్పి, ముందు రోజే ఇంటి దగ్గరి ఒక క్లినిక్‌కు పోతే గ్యాస్ అన్నాడు, బీపీ మిషన్ టేబుల్ మీదే ఉంది, నా చేతికి మాత్రం కట్టలేదు. నేను కూడా నా పాత చుట్టమే మళ్లీ వచ్చిందనుకుని పడుకున్నాను. కానీ ఈసారి ఒకపక్క కాదు, తలంతా, నుదురంతా ఒకటే బరువు. పారాసెటమాల్‌కు కదల్లేదు. కళ్ల ముందు మిణుగురుల్లాగా మెరుపులు, కుడిపక్క డొక్క పైన నొప్పి, అది కూడా గ్యాసే అనుకున్నా.

మర్నాడు మా వీధి ఆశా అక్క వచ్చింది, కార్డులో ఏదో రాసుకోవడానికి. నా ముఖం చూసి ఏఎన్ఎం మేడమ్‌ను పిలిపించింది. బీపీ 164, కింద 108. మూత్రంలో ప్రొటీన్. 108 అంబులెన్స్ వచ్చింది, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ ఇచ్చినారు, ఒళ్లంతా సెగలు పుట్టినట్టు వేడెక్కింది, అది ఇప్పటికీ గుర్తే. 35 వారాలకే కాన్పు చేసినారు. పాప 2 కిలోల 100. ఇప్పుడు మూడేళ్లు, ఇది టైప్ చేస్తుంటే ఫోన్ లాక్కుంటోంది.

నేను చెప్పేది ఒకటే. నీ పాత నొప్పి నీకు పదేళ్ల నుంచి తెలుసు, ఎట్లా వస్తుందో ఎట్లా పోతుందో నీకంటే బాగా ఎవరికీ తెలియదు. 20 వారాలు దాటినాక దానికి పోలిక లేని నొప్పి వస్తే, లేదా వచ్చింది మాత్రకు లొంగకపోతే, ముందు బీపీ చూపించుకో. 140/90 వచ్చిందంటే ఆరోజే డాక్టర్ దగ్గర ఉండాలి. మైగ్రేన్ ఉన్నవాళ్లకు కడుపుతో ఉన్నప్పుడు ఈ బీపీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే కొంచెం ఎక్కువే అని తర్వాత నాకు చెప్పినారు. మొదటే ఎవరూ చెప్పలేదు.

ఉగ్గాని_బజ్జి, కర్నూలు

పై అక్క పోస్టు చదివి ఒళ్లు జలదరించింది. నావి చిన్న చిన్న విషయాలే, రెండో కాన్పు పోయినేడాది.

మల్లె గారూ, మీ నొప్పి ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోండి. నేను డైరీ గీరీ కొనలేదు, గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ మీద ఇంటూ పెట్టి, పక్కన ఏం తిన్నాను, ఎంతసేపు పడుకున్నాను అని రెండు ముక్కలు. నెలకు చూస్తే నావి సగం శుక్రవారాలే! శుక్రవారం పూజ అయ్యేదాకా నేను ఏమీ తినను, అగరబత్తి పొగ ఒకటి. ఆ రెండూ మార్చుకున్నా, ముందు ఇంత ఉప్మా తిని తర్వాతే దీపం పెట్టినా, దేవుడు ఏమీ అనుకోలేదు. తిండి వేళ తప్పితే మైగ్రేన్‌కు పండగే. పొద్దున ఎనిమిదికి ఏదో ఒకటి, పదకొండుకు పలచటి మజ్జిగ, రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం. మన ఎండల్లో నీళ్లు మరీ ముఖ్యం, వేవిళ్లు ఉంటే గ్లాసుడు ఒకేసారి వద్దు, గుటక గుటకగా.

కాఫీ ఒక్కసారిగా మానేస్తే కూడా తలనొప్పి వస్తుంది, నేను అదే చేసి అనుభవించినా. రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు, అంటే చిన్న గ్లాసుతో ఒకటి రెండు కాఫీలు, టీ కూడా ఆ లెక్కలోనే. ఐస్ గుడ్డలో చుట్టి మెడ వెనకాల పెట్టుకుంటే నాకు శొంఠి కంటే నయం.

ఇంకో మాట, కాన్పు తర్వాత సంగతి ఎవరూ చెప్పరు. నాకు కడుపుతో ఉన్నప్పుడు పోయిన నొప్పి, బిడ్డ పుట్టిన ఐదో రోజు తిరిగి వచ్చింది. నిద్ర లేదు, పైగా బాలింత నీళ్లు తాగితే పొట్ట వస్తుందని మా ఇంట్లో రోజుకు రెండు గ్లాసులు కొలిచి ఇచ్చేవాళ్లు. అదొక పిచ్చి ఆచారం. ఒంట్లో నీళ్లు తగ్గితే బాలింతలకు మెదడు సిరల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుందని మా డాక్టర్ మా అత్తగారినే కూర్చోబెట్టి చెప్పినారు, అప్పటి నుంచి చెంబు నా మంచం పక్కనే. కాన్పు తర్వాత కొత్త రకం తలనొప్పి వచ్చి తగ్గకుండా పెరుగుతుంటే, ఫిట్స్ గానీ చూపు మసక గానీ ఉంటే పథ్యం తిండి అని కూర్చోవద్దు.

కాన్పుల_వార్డు, కర్నూలు

ఉగ్గాని గారికి నూటికి నూరు మార్కులు. ఇంకొకటి కలుపుతున్నా, మల్లెమ్మా, కాన్పు అయినాక పిల్లలు ఇప్పుడే వద్దని మాత్రలు అడిగేటప్పుడు నీకు గీతలు కనపడే మైగ్రేన్ ఉందని తప్పకుండా చెప్పు. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు మీలాంటివాళ్లకు ఇవ్వరు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది కాబట్టి. వేరే మార్గాలు చాలా ఉన్నాయి.

తిరగవాత_నేర్చిన_మొగుడు, అనంతపురం

మగవాళ్లు రాయొచ్చా ఇక్కడ? మా ఆవిడకూ ఇదే. ఏడో నెల దాకా మా ఇంట్లో తిరగవాత నేనే, పెరట్లో, చిన్న గ్యాస్ పొయ్యి మీద. పక్కింటివాళ్లు మొదటి వారం నవ్వినారు, రెండో వారం నుంచి చారు పోపు వాసన బాగుందన్నారు. మీ ఆయనకు ఈ పోస్టు చూపించండి.

సీమ_మల్లె, అనంతపురం

అందరికీ చేతులెత్తి దండం. పన్నెండు రోజులు ఆగలేదు, 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులకు చెకప్ ఉంటుందని ఆశా అక్క చెప్తే దానికే పోయినాను. పెద్ద లైను, కానీ చూసినామె ఓపిగ్గా చూసింది. బీపీ 110/70. రక్తం మాత్రం 9.8, 11 ఉండాలంట, ఐరన్ మాత్రలు పెంచినారు. పాత షీటు తీసుకుపోయి చూపించినాను, కాన్పుల వార్డు అక్క చెప్పినట్టే ఎర్గోటమిన్. ఆమె ఏమీ అనకుండా కత్తెర తీసుకుని షీటును నాలుగు ముక్కలు చేసి డబ్బాలో వేసింది. రోజూ వేసుకున్నది ఫ్లునారిజిన్, ఎట్లాగూ ఆపేసినావు కదా, ఇంక మొదలుపెట్టొద్దు అన్నారు. పారాసెటమాల్ 500, వాంతికి ఒకటి రాసినారు.

మొన్న సోమవారం గీతలు కనపడగానే వేసుకుని పడుకున్నాను. వచ్చింది, కానీ గంటన్నరలో లేచి కూర్చున్నాను, సంగటి కూడా తిన్నాను. అత్తమ్మ ఏమీ అనలేదు. లేచి చూస్తే క్యాలెండర్‌లో ఆరోజు మీద ఇంటూ, పక్కన ఆమె రాతలో, "పొద్దున ఏమీ తినలేదు".