కాలనీ పార్కులో కోనోకార్పస్ తీసేసి మన చెట్లు పెట్టాలనుకుంటున్నాం, ఏవి బాగుంటాయి?

పార్కు కమిటీ, హైదరాబాద్

మా కాలనీ పార్కు సుమారు 600 గజాలు. ప్రహరీ పొడుగునా కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు, మధ్యలో మెక్సికన్ గడ్డి. ఏప్రిల్ వచ్చిందంటే బోరు సరిగ్గా పొయ్యదు, గడ్డి కోసం ట్యాంకర్ తెప్పించాలి. కోనోకార్పస్ వేర్లు డ్రైనేజీ పైపులోకి దూరాయని ప్లంబర్ తవ్వి చూపించాడు. ఈ వానాకాలానికి పార్కును కొత్తగా చేద్దామని తీర్మానించాం. కాంట్రాక్టర్ కొటేషన్‌లో చూస్తే ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, గుండ్రంగా కత్తిరించిన ఫైకస్‌లు, మళ్ళీ అదే గడ్డి. నాకేమో మన నేల చెట్లే పెట్టాలని ఉంది. కమిటీలో మాత్రం "చిట్టడవి అయిపోతుంది, పాములొస్తాయి" అని కొందరు, "ఆకులు ఊడ్చేదెవరు" అని కొందరు. నేల ఎర్ర మొరం, 2 అడుగుల కింద మెత్తటి రాయి. ఏం పెట్టమంటారు?

రేలపూత, నల్గొండ

మా వీధి పార్కు పని చాలాకాలంగా నేనే చూస్తున్నానండి, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

కమిటీవాళ్ళ భయాన్ని కొట్టిపారేయకండి. మన మొక్కల పార్కు పాడుబడ్డ స్థలంలా కనిపించకూడదంటే ముందు అంచులు తీరుగా ఉండాలి. నడిచే దారికి రెండు పక్కలా డిసెంబరు పూల మొక్కలు వరసగా పెట్టి మోకాలెత్తున కత్తిరిస్తూ ఉండండి. ఆ వరస నీటుగా ఉంటే వెనక తంగేడు ఎంత గుబురుగా పెరిగినా చూసేవాళ్ళకు ఇబ్బంది అనిపించదు. ప్రహరీ పక్కన కోనోకార్పస్ స్థానంలో వావిలి పెట్టండి. కత్తిరింపుకు తట్టుకుంటుంది, నీళ్ళు పెద్దగా అడగదు, మేకలు కూడా ముట్టవు. పాములంటారా, అవి వచ్చేది ఎలుకల కోసం, ఎలుకలు వచ్చేది పారేసిన తిండి కోసం. మూలన చెత్త పడకుండా చూసుకుంటే సగం సమస్య ఉండదు.

600 గజాల్లో పెద్ద చెట్లు అయిదారు మించకూడదు. గేటు దగ్గర పొగడ. నిదానంగా పెరుగుతుంది కానీ ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, పూలు రాలితే ఆ దారంతా వాసనే. పెద్దవాళ్ళు కూర్చునే బెంచీల దగ్గర కానుగ, నీడకు దాన్ని మించింది లేదు. ఎండ బాగా తగిలే మూలల్లో రేల, మోదుగ. కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు రాలుస్తుంది, వెంటనే చిగురిస్తుంది. ఆ ఆకును ఊడ్చి తగలబెట్టకుండా పాదుల్లోకి తోయించండి. మొరం నేలకు అదే ఎరువు, తేమ కూడా ఆరిపోదు.

తంగేడు మొక్క కొనకండి. తల్లివేరు లోతుకు దిగే మొక్క, కదిలిస్తే చాలావరకు చచ్చిపోతుంది. గింజల పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది, రాత్రి నీళ్ళలో నానబెట్టి, తొలకరికి నేరుగా నేలలో వేయండి. పక్కనే గునుగు గింజలు చల్లండి. బతుకమ్మకు మీ కాలనీ ఆడవాళ్ళు మార్కెట్లో పూలు కొనే పని తగ్గుతుంది. పార్కు మీద అభ్యంతరాలు చెప్పే ఇళ్ళ నుంచే పూలు కోసుకోవడానికి వస్తారు, మా దగ్గర అలాగే జరిగింది.

ఇంకో మాట. రేల లేత ఆకుల మీద ఆకుపచ్చ పురుగులు కనిపిస్తాయి. నడి ఈనెను ఆనుకుని, ఆకులో కలిసిపోయి ఉంటాయి, పక్కనున్న ఆకు జల్లెడ అయ్యాకే మన కంట పడతాయి. మాలీ వెంటనే మందు కొడతానంటాడు, కొట్టనివ్వకండి. అవి లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు, ఎక్కువగా గుడ్లు పెట్టేది రేల, తంగేడు జాతి చెట్ల మీద. చెట్టు మళ్ళీ చిగురేస్తుంది. ఆ పురుగుల కోసం పిట్టలొస్తాయి. మీ పామ్‌ల మీద ఇవేమీ రావు, నాకు మన చెట్లు కావాలనిపించేది అందుకే.

గడ్డి తప్పదంటే గరిక. కానీ ఎండ పడేచోట మాత్రమే, చెట్టు నీడన బతకదు.

బీచ్ రోడ్డు, విశాఖ

పై సలహాకు ఒకటి కలుపుతాను. మన దేశపు చెట్టయితే చాలు అనుకోకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు మా ఊళ్ళో చెట్లు కూలిపోతే, తర్వాత చాలా రోడ్ల పక్కన ఏడాకుల చెట్టు నాటారు. అదీ మన దేశపు చెట్టే. ఒక్కటి ఎక్కడో ఉంటే పరవాలేదు, వీధంతా అదే ఉంటే చలికాలం మొదట్లో పూత వచ్చాక రాత్రిపూట ఆ ఘాటుకు కిటికీలు మూసుకోవాలి. మా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళకు ఆ రోజులు టెన్షనే. ఏ చెట్టయినా ఒకే రకం వరసగా పెట్టకండి.

పార్కు కమిటీ, హైదరాబాద్

ఇద్దరికీ థాంక్స్ అండీ. కోనోకార్పస్ మొత్తం ఒకేసారి కొట్టించేయమంటారా? గుజరాత్‌లో 2023లో దాన్ని నిషేధించారని చూపించి కమిటీని ఒప్పించాను.

రేలపూత, నల్గొండ

ఒకేసారి వద్దు. పక్క ఇళ్ళకు ఇన్నాళ్ళూ ఉన్న చాటు పోతే గొడవలొస్తాయి. ఈ ఏడు ఒక వైపు, వావిలి ఎదిగాక రెండో వైపు. మొదలు దగ్గర నరికి వదిలేస్తే మళ్ళీ గుబురుగా మొలుస్తుంది, వేరుతో సహా పెకలించాలి. అయితే గొడ్డలి పెట్టకముందే అనుమతి తీసుకోండి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెట్లకూ వర్తిస్తుంది. దరఖాస్తుతో పాటు కొత్తగా ఏం నాటుతున్నారో కాగితం మీద గీసి జతచేయండి. గుంతలు మాత్రం ఇప్పుడే తవ్వించండి, 3 అడుగుల లోతు, కింద రాయి పగలగొట్టి. నర్సరీలో నిలువెత్తు మొక్కలు చూసి మోజుపడకండి. చిన్న సంచిలో చాలాకాలం పెరిగిన వాటి వేర్లు లోపలే చుట్టుకుపోయి ఉంటాయి. నడుమెత్తు మొక్క తెచ్చి రెండు వేసవులు నీళ్ళు పోస్తే, ఆ పైన ట్యాంకర్ అక్కర్లేదు.