సిల్క్ టైకి హాఫ్ విండ్సర్ ముడి అరగంటలో జారిపోతోంది

టై పొడవు 147 సెం.మీ., వెడల్పు 8 సెం.మీ. నున్నటి సిల్క్, లోపలి అస్తరు బాగా పలుచన. చొక్కాది స్ప్రెడ్ కాలర్, కొసల మధ్య ఎడం ఎక్కువ. హాఫ్ విండ్సర్ కడితే ముడి కింద గుంట అందంగా పడుతుంది. అరగంటకల్లా అది చదునైపోయి, ముడి వేలెడు కిందికి జారి, పై బొత్తాం బయటపడుతోంది.

ఫోర్ ఇన్ హ్యాండ్ ముడి కడితే బిగువుగానే నిలిచింది. కానీ ముడి సన్నగా, ఒక పక్కకి ఒరిగి, కాలర్‌లో ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపించింది. ఫుల్ విండ్సర్ నిండుగా వచ్చింది గానీ చుట్లు ఎక్కువ కదా, పొడవంతా తినేసింది: కొస బెల్టు బకిల్‌కి 5 సెం.మీ. పైనే ఆగింది. సన్న కొసని ఇంకా పైకి పెట్టి మొదలుపెడితే అది వెడల్పు కొస వెనకున్న లూప్‌కి అందట్లేదు.

గుంట కోసం వెడల్పు కొస మధ్యలో చూపుడువేలు నొక్కి, బొటనవేలు, మధ్యవేళ్లతో అంచులు దగ్గరికి తెచ్చి లాగుతున్నాను. పడటం బాగానే పడుతోంది, నిలవడమే లేదు. చుట్టుచుట్టుకీ బిగించినా, చివర్లో ఒకేసారి బిగించినా అంతే.

ఇలాంటి పలుచని సిల్క్ టైకి, స్ప్రెడ్ కాలర్‌లో ఖాళీ కనపడకుండా నాలుగైదు గంటలు జారకుండా నిలిచే ముడి ఏది?