ఈ వారం సమస్య: నీరు పోయగ మొక్కలు నీల్గెనకట

పెన్నగట్టు:
మొన్నామధ్య ఒక ఆదివారం అనంతపురంలో తోటల సంఘం వాళ్ల ఏటేటా జరిగే పూల ప్రదర్శనకు ఇంటావిడతో కలిసి పోయొచ్చినాను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఊరు మనది. ఇక్కడ ఇన్ని పూలా అని గేటు దగ్గరే నిలబడిపోయినాను. చామంతులు వరసలు వరసలుగా ఉన్నాయి. పొద్దు కురచై రాత్రి పొడుగయితేనే మొగ్గ తొడిగే జాతి కదా, చలికాలంలో వాటిదే రాజ్యం. మెక్సికో నుంచి వచ్చిన డాలియాలు ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత ఉన్నాయి. ఒక బల్ల మీద మాత్రం పళ్లెంలో పెంచిన మర్రిచెట్టు, మూరెడు ఎత్తు, ఊడలతో సహా! కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు 5 ఎకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని చుట్టం ఇక్కడ నా అరచేతి కింద ఒదిగి కూర్చుంది. నాకు మాత్రం మెచ్చుకోవాలో జాలిపడాలో తెలియలేదు.

బయటికొచ్చే దారిలో మొక్కలు అమ్ముతుంటే ఒకటి కొన్నాం. దాని సంగతి తర్వాత చెబుతా. ముందు సమస్య. తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో చివరి పాదం నేనిస్తున్నా, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి:

నీరు పోయగ మొక్కలు నీల్గెనకట

నీల్గె అంటే చచ్చె అని. నీళ్లు పోస్తే బతకాల్సింది చావడమేంటి అన్న చిక్కు మీరు విప్పాలి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘువు గురువుల, అంటే పొట్టి పొడుగు అక్షరాల, వరస). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవాలి. వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అయినా చెల్లుతుంది.

రాగిసంగటి:
మీరు కొన్న మొక్క ఏదో నాకు తెలిసిపోయింది సామీ.

“ఎండదేశపు మొక్కరా, యెండనిమ్ము!”
మాలి చెప్పిన మాటను మరచి నేను
పూటపూటకు బిందెతో పోసినాను
నీరు, పోయగ మొక్కలు నీల్గెనకట

ఎడారి గులాబీ, అదే అడీనియం. ఔనా కాదా?

ఉరవకొండ మాస్టారు:
భేష్. ‘నీరు’ను మూడో పాదంలోని ‘పోసినాను’కు తగిలించి, ఆ తర్వాత విరవడం ఈ పద్యంలో అసలైన పని. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కదలలేదు, అన్వయం మాత్రం మారింది. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు తలవంచేది ఇట్లాంటి విరుపుకే. ఒకటే అభ్యంతరం. మొక్కలమ్మే ఆయన కొనేవాడిని ‘రా’ అంటాడా? గణం కోసం తిట్టించుకున్నారు. ‘మొక్కన్న’ అనండి. మొక్క + అన్న, తగణం (గురువు, గురువు, లఘువు) సరిపోతుంది, మన అంగడి మాట కూడా అదే.

“ఎండదేశపు మొక్కన్న, యెండనిమ్ము!”

రాగిసంగటి:
సవరించుకుంటా. నేను కొన్నప్పుడు నన్ను ‘రా’ అనే అన్నాడు మాస్టారూ, కాకపోతే ఆయన మా మామ.

పెన్నగట్టు:
ఔను, అడీనియమే. ఆఫ్రికా, అరేబియా ఎడారుల మొక్క. బోదె ఉబ్బిపోయి కుండలా ఉంటుంది, నీళ్లన్నీ అందులోనే దాచుకుంటుంది. ఇంట్లో ఎండాకాలమంతా నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసి పెరిగిన మనిషిని, మొక్క కనిపిస్తే చెంబు ఎత్తకుండా ఉండలేను. నాలుగు రోజులకే మొదలు మెత్తబడింది. ఇంటావిడ ఏమన్నదో ఇక్కడ రాయను.

నూలుపోగు:
ధర్మవరం నుంచి నాదొకటి. ఇది మా ఇంటి బాధ.

బోరు లోతుకు పోవగ నూరె నుప్పు
ఆకు చివరలు మాడగ నంచులెండె
వేరులెల్లను దప్పితో వేగ, బోరు
నీరు పోయగ మొక్కలు నీల్గెనకట

మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లను లాక్కోలేదు. ఇంకా ముదిరితే వేరులోని తడే బయటికి పోతుంది. అందుకే నీళ్లలో నిలబడి కూడా దప్పి.

ఉరవకొండ మాస్టారు:
నాకు అన్నిటికన్నా నచ్చిన భావం ఇదే. ‘బోరు’కు ‘నూరె’తో ప్రాసయతి కుదిరింది. రెండు చోట్లా మొదటి అక్షరం గురువే, రెండోది రకారమే. ‘పోవగన్ + ఊరె’ కాబట్టి నకారం తప్పు కాదు. తప్పు ఇంకో చోట ఉంది. మొదటి పాదం ‘ఉప్పు’తో ఆగింది, రెండోది ‘ఆకు’తో మొదలైంది. ఉకారం మీద అచ్చు వస్తే ఉత్వసంధి నిత్యం కదా, చదివితే ‘ఉప్పాకు’ అవుతుంది! రెండో పాదాన్ని హల్లుతో ఎత్తుకోండి. నాకు తోచింది:

చివరలందున నాకులు చిట్లి మాడె

మూడో పాదంలో ‘బోరు’ మళ్లీ వచ్చింది. అది నాకు అడ్డుగా లేదు, మన ఊళ్లలో ఎవరి నోట విన్నా రోజుకు పదిసార్లు ఆ మాటే కదా.

నూలుపోగు:
‘ఉప్పాకు’ బాగుంది, అదేదో ఆకుకూరలా. మీ పాదమే పెట్టుకుంటాను.

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. నేనూ ఆ ప్రదర్శనకు పోయినాను.

ప్రదర్శనలోన కొన్న పొట్టి మొక్క
కుండ యడుగున చిల్లి లేకుండెనయ్య
గాలి యాడని వేరుకు గడువు తీరె
నీరు పోయగ మొక్కలు నీల్గెనకట

ఉరవకొండ మాస్టారు:
అమ్మా, తర్వాతి రెండు పాదాలూ చేయి తిరిగినవాళ్లు రాసినట్టే ఉన్నాయి. ‘కుండ’కు ‘లేకుండె’తో యతి వేయడం చూసి నవ్వుకున్నాను. మొదటి పాదమే దారి తప్పింది. ‘ప్రదర్శన’లో మొదట లఘువు, తర్వాత గురువు. సూర్యగణాలు రెండే, గలం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). లఘువు వెంటనే గురువుతో మొదలయ్యేది వాటిలో లేదు. కాబట్టి ఆ మాట తేటగీతి గుమ్మం ఎక్కదు. ఇట్లా మార్చండి:

పూల పండుగలో కొన్న పొట్టి మొక్క

‘పూ’కు ‘పొ’ యతి కూడా దొరికింది. ఇంకోటి. మొదటి పాదంలో ఒక్క మొక్క కొని చివరికి బహువచనంలో చంపినారు!

కొత్తకలం:
మూడు కొన్నాను సార్, మూడూ పోయినాయి. రంగురంగుల పింగాణీ కుండీలు చూసి మురిసిపోయినాను, అడుగున చిల్లి ఉందా లేదా అని తిప్పి చూడలేదు. నీళ్లు పైకి నిలిచిపోతే మట్టి సందుల్లో గాలి ఉండదనీ, వేరుకూ ఊపిరి కావాలనీ తర్వాత తెలిసింది.

గుత్తివంకాయ:
అందరూ ఏడుస్తున్నారు, నేను కాస్త నవ్విస్తా.

బండ సందుల మొలిచిన పాడు కలుపు
పీకి యలసిన మాయవ్వ పెట్టి పొయ్యి
సలసల మరగ గాచిన సత్తుబిందె
నీరు పోయగ మొక్కలు నీల్గెనకట

ఉరవకొండ మాస్టారు:
‘సలసల’ను గణాల మధ్య చీల్చినా నడక చెడలేదు. కలుపు చస్తే మాత్రం ‘అకట’ ఎందుకయ్యా? సంతోషపడాల్సింది కదా. సమస్యలోని ఏడుపు వదిలేస్తే పూరణ సగమే.

గుత్తివంకాయ:
గోడవారగా ఉన్న కనకాంబరం కూడా పోయింది మాస్టారూ. మాయవ్వ అదే తలుచుకుని ఏడుస్తోంది.

ఉరవకొండ మాస్టారు:
అయితే ఒప్పుకున్నా. ఆ కనకాంబరాన్ని కూడా పద్యంలోకి తెచ్చి ఉంటే నా నోరు ముందే మూయించేవాడివి.

నూలుపోగు:
ఇంకో పూరణకు దారి వదిలేస్తున్నాను, ఎవరైనా అందుకోండి. కాగితం పూల మొక్కకు నీళ్లు తగ్గిస్తేనే పూత విరగబడుతుంది. రంగుగా కనిపించేవి పూరేకులు కావు, ఆకులే. అసలు పువ్వు మధ్యలో తెల్లగా చిన్నగా ఉంటుంది. మల్లెతోటల వాళ్లూ చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, తర్వాత తడి ఇస్తారు. ఆకలి పెట్టి అన్నం పెట్టినట్టు.

పెన్నగట్టు:
నూలుపోగు గారి ఆ మాట వచ్చే వారానికి సమస్యగా మలుస్తాను. ఈ లోపు అడీనియం కబురు. పక్కింటి పెద్దాయన చెప్పినట్టు కుళ్లినంత మేరా కోసేశాం. తెల్లగా గట్టిగా ఉన్న చోటు వచ్చేదాకా కోస్తే మిగిలింది జానెడు. వారం రోజులు నీడలో ఆరబెట్టి ఇసుక మట్టిలో గుచ్చినాం. ఇవాళ పొద్దున చూస్తే కొసన రెండు ఆకులు. చెంబు మాత్రం ఇంటావిడ దాచిపెట్టింది.