లినక్స్ ల్యాప్‌టాప్‌లో బయటి సౌండ్ కార్డు: క్యాసెట్టు రికార్డు కావడం లేదు

ప్రశ్న – అమలాపురం దగ్గరి నుంచి

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పౌరాణిక నాటకాలలో పాడిన పద్యాల క్యాసెట్లు మా ఇంట్లో చాలా ఉన్నాయి. కోనసీమ తేమకు కొన్నింటి మీద బూజు కనిపించడం మొదలైంది కాబట్టి, ఇక ఆలస్యం చేయకుండా వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని పూనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 ఉంది. బజారులో దొరికే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, అంటే ఇయర్‌ఫోనుకు ఆకుపచ్చ రంధ్రం, మైకుకు గులాబీ రంధ్రం ఉండే రకం, ఒకటి కొన్నాను. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఆ గులాబీ రంధ్రానికి వైరు కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాములో రికార్డు మీట నొక్కితే గీత తిన్నగా సాగిపోతోందే తప్ప చిన్న అల కూడా లేవడం లేదు. టేపు మాత్రం దాని స్పీకరులో చక్కగానే పలుకుతోంది. కార్డు అమ్మిన అతను ఇది విండోస్‌లోనే పనిచేస్తుందని అంటున్నాడు. దీనికి లినక్స్ డ్రైవరు ఎక్కడైనా దొరుకుతుందా? నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. చెప్పినది చెప్పినట్టు చేయగలను గాని, కొంచెం విడమరచి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు – భీమవరం

మాస్టారూ, నమస్కారమండీ. డ్రైవరు కోసం దయచేసి ఎక్కడా వెతకవద్దు. యూఎస్‌బీ ద్వారా శబ్దం ఎలా పంపాలో చెప్పే ఉమ్మడి ప్రమాణం 1998లోనే వచ్చింది; దాన్ని పాటించే కార్డులన్నింటినీ నడిపించే భాగం లినక్స్ మూలభాగం, అంటే కెర్నల్‌లో ఎప్పటి నుంచో ఉంది. మీరు చెప్పిన చిన్న కార్డులు దాదాపు అన్నీ ఆ కోవలోనివే. లోపం మధ్యలో ఎక్కడో ఉంది. బ్యారేజీ దగ్గర నీరు వదిలినా మన చేలోకి రాకపోతే ప్రధాన కాలువ, పిల్లకాలువ, బోదె అని వరుసగా చూసుకుంటూ వస్తాం కదా, ఇక్కడా అలాగే పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి. వరుస తప్పితే రోజంతా తిరిగినా లోపం దొరకదు.

మొదట టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) అని కొట్టండి. వచ్చిన జాబితాలో సీ-మీడియా అనే పేరు గాని, 0డీ8సీ (0d8c) తో మొదలయ్యే సంఖ్య గాని ఉంటే కంప్యూటరు కార్డును గుర్తించినట్టే. అది కనిపించకపోతే మాత్రం పోర్టు మార్చి చూడాలి. మన ప్రాంతపు గాలికి పోర్టు లోపలి రేకులు చిలుము పట్టి, తగిలీ తగలనట్టు ఉండడం కద్దు.

తరువాత ఏరికార్డ్ (arecord) అని రాసి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పక్కన చిన్నబడి ఎల్ అక్షరం పెట్టి ఎంటర్ నొక్కండి. రికార్డు చేయగల కార్డులన్నీ అందులో వస్తాయి. ప్రతి కార్డుకూ సున్నా, ఒకటి అని ఒక వరుస సంఖ్య ఉంటుంది గాని, కంప్యూటరు మళ్ళీ ఆన్ చేసినప్పుడు ఆ సంఖ్య మారిపోవచ్చు. అందుచేత కార్డును పేరును బట్టే గుర్తుపెట్టుకోండి.

ఎక్కువమందికి అసలు చిక్కు దీని తరువాతి మెట్టులోనే వస్తుంది. ఆల్సామిక్సర్ (alsamixer) అని కొడితే నిలువు పట్టీలతో ఒక తెర వస్తుంది. అక్కడ ఎఫ్6 నొక్కి యూఎస్‌బీ కార్డును ఎంచుకుని, ఎఫ్4 నొక్కితే రికార్డింగుకు సంబంధించిన పట్టీలు కనిపిస్తాయి. మైక్ అన్న పట్టీ కింద క్యాప్చర్ అన్న ఎర్రటి అక్షరాలు లేకపోతే స్పేస్ మీట నొక్కి ఆన్ చేయాలి. దాని మట్టం సున్నాలో ఉంటే పై బాణంతో సగం వరకు పెంచండి.

ఆఖరున పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ మేనేజరు నుంచి వేసుకోండి. మింట్ 22లో శబ్దాన్ని నడిపేది పైప్‌వైర్ అయినా, ఈ ప్రోగ్రాము దానితోనూ పనిచేస్తుంది. అందులో కాన్ఫిగరేషన్ పుటలో యూఎస్‌బీ కార్డుకు ఎదురుగా అవుట్‌పుట్ మాత్రమే అని ఉంటే ఆ కార్డుకు మైకు ఉన్నట్టే ఆడాసిటీకి తెలియదు. అవుట్‌పుట్‌తో పాటు మోనో ఇన్‌పుట్ కూడా ఉన్న ఎంపికకు మార్చి, ఆడాసిటీని మూసి మళ్ళీ తెరవండి. ప్రతి మెట్టులో ఏమి కనిపించిందో ఇక్కడ రాయగలరు.

ప్రశ్న కొనసాగింపు – అమలాపురం దగ్గరి నుంచి

తమ్ముడూ, చాలా సంతోషం. మొదటి రెండు మెట్లలోనూ కార్డు కనిపించింది. క్యాప్చర్ ఆపి ఉంది, కాన్ఫిగరేషన్‌లో అవుట్‌పుట్ మాత్రమే ఉంది. రెండూ సరిచేయగానే నాన్నగారి గొంతు వినిపించింది. అయితే పద్యం పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు బొంగురుపోయి పగిలినట్టు వస్తోంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినచోట టేపు సుయ్యిమనే రొద మెల్లగా పైకి లేచి, మళ్ళీ పద్యం అందుకోగానే అణగిపోతోంది. వీటన్నిటి వెనుక ఎడతెగకుండా ఒక గుంయ్ మనే మోత కూడా ఉంది.

జవాబు – పాలకొల్లు

మాస్టారికి నమస్కారం. నేను ఆంప్లిఫయర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ మూడు వేరువేరు కారణాలు ఉన్నాయి.

ఆగినచోట రొద పైకి లేవడానికి కారణం ఆటో గెయిన్ కంట్రోల్. శబ్దం తగ్గిందని అనుకుని కార్డు తనంతట తానే మట్టం పెంచేస్తుంది. మాట్లాడుకోవడానికి అది పనికివస్తుందేమో గాని, పద్యానికి అది తీరని హాని చేస్తుంది. రాగం సన్నగా తీసినదీ, గట్టిగా ఎత్తుకున్నదీ ఒకే మట్టానికి వచ్చి, పాడిన మనిషి వేసిన ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. ఆల్సామిక్సర్‌లో ఆ పేరుతోనే ఒక పట్టీ ఉంటుంది, దాని మీదికి వెళ్ళి ఎం అక్షరం నొక్కి ఆపేయండి. ఇది ఆపకుండా ఒక్క క్యాసెట్టు కూడా ఎక్కించవద్దు.

గొంతు పగలడానికి కారణం ఆ గులాబీ రంధ్రం. అది మైకు కోసం చేసినది. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. టేప్ డెక్కు లైన్ అవుట్ (వేరే యంత్రానికి శబ్దం అందించే రంధ్రం) మట్టం ప్రమాణం ప్రకారం సుమారు 316 మిల్లీవోల్టులు ఉంటుంది, ఇయర్‌ఫోన్ రంధ్రం అంతకంటే ఎక్కువ కూడా ఇవ్వగలదు. టేప్‌రికార్డరు వాల్యూమ్ బాగా తగ్గిస్తే పగలడం ఆగుతుంది గాని, రొద పాలు పెరుగుతుంది. పైగా ఈ రకం చిప్పులలో మైకు దారి ఒక్కటే ఉంటుంది కాబట్టి స్టీరియో క్యాసెట్టు కూడా మోనోగానే వస్తుంది. ఇంట్లో మోనో సెట్టు మీద పట్టిన టేపులకు ఆ నష్టం లేదు గాని, లైన్ ఇన్, అంటే ఆ మట్టం శబ్దాన్ని నేరుగా తీసుకునే రంధ్రం, ఉన్న కార్డు కొనడమే మేలని నా అభిప్రాయం. బెహ్రింగర్ యూసీఏ 202 వంటిది చాలు. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ రంధ్రాలు ఉంటాయి, 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకు తీసుకుంటుంది, లినక్స్‌లో పెట్టగానే పలుకుతుంది.

ఇక మోత సంగతి. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద వినండి. మోత పోతే అది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత, చార్జరు, టేప్‌రికార్డరు రెండింటి ఎర్త్ కలిసిన చోట పుడుతున్నది. అప్పుడు బ్యాటరీ మీదనే రికార్డు చేసుకోండి, లేదా వైరు మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండే గ్రౌండ్ లూప్ ఐసొలేటరు పెట్టండి. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరైనా చెబితే ఎట్టి పరిస్థితులలోనూ వినవద్దు, మన తడి నేలల్లో అది ప్రాణాపాయం.

మరొక్క మాట. బూజు కనిపించిన క్యాసెట్టును అలాగే వేయవద్దు. ఆ బూజు హెడ్డుకు అంటుకుని తరువాత వేసిన ప్రతి టేపుకూ పాకుతుంది. ముందు బాగున్న వాటిని పూర్తిచేయండి, ప్రతి క్యాసెట్టుకూ ముందు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడవండి.

ప్రశ్న కొనసాగింపు – అమలాపురం దగ్గరి నుంచి

మీరు చెప్పిన కార్డు తెప్పించాను. బ్యాటరీ మీద మోత లేదు, హార్మోనియం శ్రుతి కూడా విడిగా వినిపిస్తోంది. కాకపోతే అప్పుడప్పుడు మధ్యలో టప్ మని చిన్న చప్పుడు వచ్చి, ఆ చోట అక్షరం తెగినట్టు ఉంటోంది.

జవాబు – భీమవరం

మాస్టారూ, కార్డును హబ్బు ద్వారా పెట్టి ఉంటే తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. తరువాత రికార్డు జరుగుతూ ఉండగా టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ (pw-top) నడిపి, ఈఆర్‌ఆర్ (ERR) అన్న నిలువు వరుసను గమనించండి. టప్ మన్నప్పుడల్లా ఆ సంఖ్య పెరిగితే కంప్యూటరు సమయానికి శబ్దాన్ని అందుకోలేకపోతోందని అర్థం. బ్రౌజరు మూసేయండి. అయినా తగ్గకపోతే పైప్‌వైర్ ఒక్కో విడతకు తీసుకునే నమూనాల సంఖ్యను, అంటే క్వాంటమ్‌ను, 2048కి పెంచితే సరిపోతుంది. క్యాసెట్టు ఎక్కించేటప్పుడు ఆలస్యం కొంచెం పెరిగినా మనకు ఇబ్బంది లేదు. ఈఆర్‌ఆర్ సంఖ్య కదలకుండానే చప్పుడు వస్తుంటే డీఎంఈఎస్‌జీ (dmesg) ఆదేశంలో యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అన్న మాట ఉందేమో చూడండి. అది ఉంటే వైరుదో పోర్టుదో లోపం.

48 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో 90 నిమిషాల క్యాసెట్టు సుమారు 1 జీబీ అవుతుంది. ఎంపీ3 చేయకుండా ఫ్లాక్‌గా దాచుకోండి, నాణ్యత ఏమీ పోకుండా పరిమాణం తగ్గుతుంది. రొద తగ్గించే పని ఏదైనా చేయదలిస్తే నకలు మీద చేయండి, మొదట ఎక్కించిన ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. ఫైలు పేరులో క్యాసెట్టు మీద రాసి ఉన్నది ఉన్నట్టు, ఏ వైపో కూడా వేసుకోండి.