అప్‌డేట్: వాల్వ్ ఆంప్లిఫయర్‌కి స్పీకర్లు ఎలా కలిపానంటే

పోయిన నెల అడిగింది నేనే. నాన్న వాడిన పాత మోనో ఆంప్లిఫయర్, అందులో రెండు ఇఎల్84 వాల్వులు (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టాలు), వెనక టెర్మినళ్ల మీద అంకెలు చెరిగిపోయాయి. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు ఎక్కడ కలపాలి అని.

ముందు నేను చేసిన తప్పు. రెండింటినీ ప్యారలల్‌గా (పక్కపక్కన) కలిపాను, అంటే మొత్తం 4 ఓమ్‌లు, టెర్మినల్‌కి కావాల్సినదానికన్నా తక్కువ. అందుకే శబ్దం బొంగురుగా వచ్చింది. మల్టీమీటర్‌లో ఒక్కో స్పీకర్ 6 ఓమ్‌లే చూపిస్తే పాడైందనుకున్నాను కూడా. అది డీసీ రెసిస్టెన్స్ అట, అంటే లోపలి తీగ చుట్ట నిరోధం మాత్రమే, 8 ఓమ్‌ల స్పీకర్‌కి మామూలే.

నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర ఒక పెద్దాయన ఇంకా రేడియోలు బాగు చేస్తారు. "ముందు ప్లగ్ పీకు అబ్బాయ్, కెపాసిటర్లు డిశ్చార్జ్ చెయ్, తర్వాతే చెయ్యి పెట్టు" అన్నారు. వాల్వులు తీసేసి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వులకీ స్పీకర్‌కీ మధ్య ఉండేది) ప్రైమరీకి, అంటే వాల్వుల ప్లేట్లు కలిసే రెండు కొసల మధ్య, విడిగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ ఇచ్చాం. ఒక టెర్మినల్ దగ్గర 0.38 వోల్టులు వచ్చింది. 12ని 0.38తో భాగిస్తే దాదాపు 31.6, దాని వర్గం సుమారు 1000. అంటే స్పీకర్ ఓమ్‌లు వాల్వులకి 1000 రెట్లుగా కనిపిస్తాయి. ఈ వాల్వుల జతకి 8,000 ఓమ్‌ల లోడ్ కావాలి కాబట్టి అది 8 ఓమ్‌ల టెర్మినల్. రెండోదాని దగ్గర 0.54 వచ్చింది, లెక్క కడితే 16.

స్పీకర్లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి, మొత్తం 16 ఓమ్‌లు) పెట్టి 16కి కలిపాను. శబ్దం శుభ్రంగా ఉంది. స్పీకర్ లేకుండా ఆన్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎగిరి ఇన్సులేషన్ పోవచ్చని ఆయన గట్టిగా చెప్పారు. అందుకే వైర్లు స్క్రూలతో బిగించేశాను, మా పిల్లాడు లాగినా ఊడదు.