అప్‌డేట్: పికప్ వెనుక ఇరుసు రొద ఆగింది

నాన్నగారి పాత పికప్ అరవై వేగం దాటితే వెనుక నుంచి రొద చేస్తోందని, ఇరుసు మీద వివరాల రేకు ఊడిపోయి గేర్ నిష్పత్తి (చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క) తెలియడం లేదని పోయిన నెల ఇక్కడ అడిగాను.

మీరన్నట్టు ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపి తిప్పాను. మొదట ఒకే చుట్టు తిప్పి, షాఫ్ట్ రెండుంపావు చుట్లే తిరిగిందేమిటని తల పట్టుకున్నాను! ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే లోపలి పెద్ద గేరు ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు చుట్లు తిప్పాలి కదా. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకు శక్తి తెచ్చే ఆ షాఫ్టే) మీది సుద్దగీత నాలుగున్నర చుట్లు దాటింది. విప్పి చూస్తే క్రౌన్‌కు (ఆ పెద్ద గేరు) 41 పళ్లు, పినియన్‌కు (దాన్ని తిప్పే చిన్న గేరు) 9, అంటే నిష్పత్తి 4.56.

చెన్నై పుదుపేటలో ఒకాయన ఇరుసు మొత్తం మార్చుకోమన్నాడు. మా నెల్లూరు మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. పళ్లు బాగున్నాయి, గుంటలు పడింది పినియన్ బేరింగ్. బేరింగులు, సీళ్లు మార్చి, పాత షిమ్ములే (గేర్ల మధ్య సందు సరిచేసే పలుచని రేకులు) వేసి, పళ్లకు నీలం రంగు పూసి ఒరిపిడి గుర్తు మధ్యలో పడేదాకా వదల్లేదు. అసలు దోషి బ్రీదర్, అంటే ఇరుసులోకి గాలి ఆడే చిన్న గొట్టం. బురదతో మూసుకుపోయి, లోపలి ఒత్తిడికి సీలు నుంచి ఆయిల్ కారిపోయింది. ఇప్పుడు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ పోశాం.

చెన్నై దగ్గరి రెడ్‌హిల్స్ దాకా వెళ్లొచ్చాను, రొద లేదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ పని మాత్రం మిగిలింది.