విజయవాడ నుంచి వడపళని పెళ్లికి వీల్‌చెయిర్‌లో: దారి తెలిసినవారు చెప్పండి

బెజవాడ చక్రధారి:
కార్తీకంలో మా పిన్ని కూతురి పెళ్లి. మండపం చెన్నైలో, వడపళని గుడికి దగ్గర్లోనట. పోలియో వల్ల చిన్నప్పటి నుంచి నాది వీల్‌చెయిర్ ప్రయాణమే. తోడు మా తమ్ముడు వస్తాడు. "మేమంతా ఉన్నాం కదా, ఎత్తుకుని తీసుకెళ్తాం" అంటున్నారు బంధువులు. జుట్టు నెరుస్తున్న మనిషిని వియ్యాలవారి ముందు బియ్యం బస్తాలా మోస్తారట! రైలు దిగిన దగ్గర నుంచి భోజనాల బల్ల దాకా నా కుర్చీలోనే చేరాలని నా పట్టుదల. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పెరంబూరు పద్మ:
మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన కుర్చీ తోసేది నేనే, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

సెంట్రల్‌లో ఆగిపోయే బండే చూసుకోండి, పినాకిని లాంటిది. సెంట్రల్ ఆఖరి స్టేషను, ప్లాట్‌ఫారాలన్నీ ఒక కొసన కలుస్తాయి. వంతెన ఎక్కే పని లేదు. ఎగ్మూరు మీదుగా తాంబరం వైపు పోయే బండి ఎక్కితే లిఫ్టు పనిచేస్తుందో లేదో అన్న బెంగ ఒకటి అదనం.

రాత్రి బండి అయితే స్లీపరులో దివ్యాంగుల కోటా కింద 4 బెర్తులు ఉంటాయి, రెండు కిందివి, రెండు మధ్యవి. రైల్వేవారి రాయితీ కార్డు ఉంటే మీకూ, తోడు వచ్చే ఒకరికీ టికెట్టులో 75 శాతం తగ్గుతుంది. అయితే బెర్తు దొరికినంత మాత్రాన కుర్చీ లోపలికి పోదు. మెట్లు, ఇరుకు తలుపు, అంతకంటే ఇరుకు నడవ. తలుపు వెడల్పుగా, మరుగుదొడ్డి కుర్చీ తిరిగేంత పెద్దగా ఉండేది దివ్యాంగుల బోగీలోనే. అది గార్డు పెట్టెతో కలిసి బండికి ఏదో ఒక కొసన ఉంటుంది. దానికి రిజర్వేషన్ లేదు.

ఆ బోగీ ఎవరిదో చెప్పనా? ముందు ఎక్కినవాడిది. ఒక రాత్రి మేం వెళ్లేసరికి లోపల గడియ పెట్టుకుని పడుకున్నారు. కిటికీ మీద కొడితే "నిండిపోయింది" అన్న జవాబు. రైల్వే సహాయ నంబరు 139కి ఫోను చేస్తే తర్వాతి పెద్ద స్టేషనులో పోలీసు వచ్చి దించాడు. దిగినవాళ్లలో ఒక్కరి దగ్గరా కార్డు లేదు. అందరూ చక్కగా నడుచుకుంటూ పోయారు. అప్పటిదాకా నాన్నగారు పక్క బోగీ తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు.

ఇంకో మాట. ఆ బోగీ బండికి వెనక తగిలిస్తే, సెంట్రల్‌లో బయటి ద్వారం అవతలి కొసన ఉంటుంది. ఇరవై బోగీల పొడవునా పార్సిల్ బళ్ల మధ్య తోయాలి. తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి.

అతిథి:
ఇంత శ్రమ ఎందుకండీ? స్టేషను బయట టాక్సీ ఎక్కితే అయిపోతుంది కదా.

పెరంబూరు పద్మ:
ఈ మధ్య టాక్సీ డిక్కీ తెరిచి చూశారా? సగం సీఎన్‌జీ సిలిండరే. మడత కుర్చీ కూడా పట్టదు. డ్రైవరు దిగి, ఒకసారి కుర్చీని, ఒకసారి డిక్కీని చూసి, "వేరే బండి బుక్ చేసుకోండి" అని తమిళంలో చెప్పి వెళ్లిపోతాడు. రద్దు రుసుము మాత్రం మనకే.

సాలిగ్రామం శీను:
మెట్రోలో రండి. సెంట్రల్ నుంచి వడపళనికి గీత మారకుండా ఒకే బండి. ప్లాట్‌ఫారమూ బోగీ నేలా దాదాపు ఒకే ఎత్తు, లోపల వీల్‌చెయిర్‌కు చోటు విడిచారు. చిక్కంతా బయటికి వచ్చాకే. లిఫ్టు అన్ని ద్వారాల దగ్గరా ఉండదు. వడపళని స్టేషను 100 అడుగుల రోడ్డు మీద ఎత్తులో ఉంది. మండపం వైపు దిగకపోతే ఆ రోడ్డు దాటాలి, సిగ్నలు కాలినడక వాళ్లకే చాలదు. పైగా కార్తీకం అంటే ఇక్కడ నిండు వానాకాలం. కాలిబాట మీద కాలువ మూతలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీళ్లు నిలిస్తే గొయ్యి ఎక్కడో కనపడదు.

2024 ఆగస్టు నుంచి లోఫ్లోర్ బస్సులు తిరుగుతున్నాయి. వాటి నేల ఎత్తు 400 మిల్లీమీటర్లే. డ్రైవరు మీట నొక్కితే బస్సు ఒక పక్కకు ఒరుగుతుంది, తలుపు దగ్గర పలక తెరుచుకుంటుంది. చక్కటి ఏర్పాటు, కాదనను. కానీ స్టాపు ముందు మోటారు సైకిళ్లు నిలిపి ఉంటే బస్సు కాలిబాట దాకా రాలేదు. పలక నడిరోడ్డు మీదికి దిగుతుంది, వాలు నిటారుగా మారుతుంది. వెనక హారన్లు మొదలవుతాయి.

తెల్లకర్ర:
నాకు చూపు లేదు. చక్రధారి గారి ప్రశ్నకు సూటి జవాబు కాదుగానీ దారి సంగతే. నేల మీద పసుపు పలకలు చూశారుగా. పొడుగు గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని. మా వీధి కాలిబాట మీద ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా చుక్కలే వేశారు, అందంగా ఉంటాయనుకున్నారేమో. ఆ లెక్కన నేను మా ఇంటి ముందు నుంచి కదలకూడదు. ఇంకోచోట గీతలు తిన్నగా తీసుకెళ్లి కరెంటు పెట్టెకు గుద్దించాయి.

నిశ్శబ్దం:
నాకు వినపడదు. ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెబుతారు, బోర్డు మీద పాత అంకె అలాగే ఉంటుంది. జనం పరుగెత్తితే నేనూ పరుగెత్తుతాను.

వకీలు గుమాస్తా:
చట్టం లేక కాదు ఇదంతా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 2017లో నియమాలు వచ్చిన నాటి నుంచి అయిదేళ్లలో పాత ప్రజా భవనాలన్నీ సరిచేయాలి. ఆ గడువు 2022లోనే దాటింది. ఆ నియమాల్లో 15వది ప్రమాణాలను సలహాలుగా మార్చేసి చట్టాన్నే నీరుగార్చిందని 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో తెమ్మంది. ప్రైవేటు మండపమైనా జనం వచ్చిపోయే చోటే కదా, గట్టిగా అడగండి.

బెజవాడ చక్రధారి:
అడిగాను. "ర్యాంపు ఉంది సార్" అన్నాడు మేనేజరు. ఫొటో పంపమంటే రెండడుగుల అరుగుకు ఆనించిన చెక్క పలక కనిపించింది, పొడవు అయిదడుగులు ఉంటే గొప్ప. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని లెక్క. దాని మీద పైకి ఎలాగో తోస్తారు, దిగేటప్పుడు పెళ్లికొడుకు మీద పడతాను. భోజనాల హాలు మొదటి అంతస్తులో. లిఫ్టు ఉందట, "వంట సామాన్లకు". తలుపు వెడల్పు ఎంతో ఆయనకు తెలియదు.

మర్చిపోయాను, మా అమ్మ కూడా వస్తోంది. మోకాళ్లు పట్టేశాయి, అయినా సముద్రం చూడాలని పట్టు. మెరీనాలో ఏదో దారి వేశారటగా?

పెరంబూరు పద్మ:
ఉంది. 2022 నవంబరు చివర్లో ఇసుక మీదుగా చెక్కబాట తెరిచారు, 263 మీటర్లు. రెండు వారాలు తిరగకముందే మాండూస్ తుపానుకు అలలు కొస భాగాన్ని పీకేశాయి, తర్వాత బాగుచేశారు. తొలిసారి నాన్నగారిని ఆ కొస దాకా తీసుకెళ్తే, ఆయన ఇక ఇంటికి రానని మొండికేశారు. సాయంత్రం సెల్ఫీల గుంపు బాటంతా ఆక్రమిస్తుంది, పొద్దున్నే వెళ్లండి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం వద్దు.

సాలిగ్రామం శీను:
చక్రధారి గారూ, మండపం పేరు నాకు విడిగా పంపండి. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు టేపు పట్టుకుని వెళ్లి లిఫ్టు తలుపు, మరుగుదొడ్డి తలుపు, రెండూ కొలుస్తాను. మెట్రో లిఫ్టు ఎటువైపు దింపుతుందో కూడా చూసి చెబుతాను. మీ కుర్చీ కొలత ఎంత?

బెజవాడ చక్రధారి:
చక్రాల అంచులతో కలిపి 25 అంగుళాలు. పొడవు 42, కాళ్ల పలకలు తీసేస్తే 32. లిఫ్టులో మా తమ్ముడికి కూడా చోటు ఉంటుందేమో చూడండి, మనిషి కాస్త లావు.